అధిక జ్యేష్ఠం

మా ఆడబిడ్డ నవనీత కువైట్ నుంచి సెలవు మీద వచ్చిన సంవత్సరం, తొంభైతొమ్మిదిలో, ఉగాది మార్చి పద్దెనిమిదిన పడింది. ఆమె మరునాడు వచ్చింది. ఆ తేదీని మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ మరిచిపోలేదు.

మాది మదనపల్లె. మా ఆయన ఉమాశంకర్‌కు బస్టాండు వెనక సూట్‌కేసుల అంగడి ఉంది. గల్ఫుకు పోయేవాళ్ళు ఆయన దగ్గరే పెట్టెలు కొంటారు. నైలాను తాడు బిగించి, మూత మీద పెయింటుతో పేరూ ఊరూ రాసి ఇచ్చేది కూడా ఆయనే. ఆరేళ్ళ కిందట వాళ్ళ అక్క పెట్టె మీద 'నవనీత, పుంగనూరు' అని రాసిందీ ఆయనే. పెట్టె తిరిగి వచ్చేసరికి ఆ అక్షరాలు సగం చెరిగిపోయాయి. వాటి పక్కన నల్ల సిరాతో అరబ్బీలో ఎవరో ఏదో రాశారు.

"ఇదేమి వదినా?" అని అడిగాను.

"ఏమో. వాళ్ళ రాత మనకేం తెలుస్తాది," అంది. ఆరేళ్ళు ఒకే ఇంట్లో వంట చేసిన మనిషి ఆ రెండు ముక్కలు ఏమిటని అడగకుండా ఉంటుందా అనుకున్నాను.

ఆమెకు పిల్లలు లేరు. భర్త వరదరాజులుకు పుంగనూరులో కిరాణా అంగడి. మామూలుగా అయితే ఆమె దిగాల్సింది అక్కడ. కానీ ఆమె పంపించిన దాంతోనే ఆయన మేడ మీద మేడ లేపుతున్నాడు. "ఇంటినిండా సెంట్రింగు కట్టెలే ఉండాయి, నిలబడేదానికి జాగా లేదు, కొన్నాళ్ళు మీ ఇంట్లోనే ఉండనీ," అన్నాడు. ఆ కట్టెల మధ్యే ఆయన పడుకుంటున్నాడు, వంట చేసుకుంటున్నాడు. ఆమెకు మాత్రం చోటు లేదు. ఆమె కూడా వస్తానని అనలేదు. ఈ రెండూ నా మనసులో పక్కపక్కన నిలిచిపోయాయి.

వచ్చిన పూటే మా అత్త ముత్యాలమ్మ పాస్‌పోర్టు తీసుకుని నా చేతిలో పెట్టింది. "పసుపు పెట్టమ్మాయ్. కుంకం కూడా," అంది. ఇంట్లోకి కొత్త తాళంచెవి వచ్చినా, బడిపుస్తకం వచ్చినా మాకు ఇదే ఆచారం. లోపలి కాగితానికి అంటకుండా ప్లాస్టిక్ అట్ట మీద మాత్రమే రాశాను. అత్త దాన్ని స్టీలు డబ్బాలో వేసి దేవుడి గూట్లో, పంచాంగం మీద పెట్టింది.

మూడో రోజు వరదరాజులన్న వచ్చాడు. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టకముందే ఆ మాటే ఎత్తాడు.

"పాస్‌పోర్టు నా దగ్గరుంటే బాగుంటాది అత్తా. ఏజెంటు అడిగితే మళ్ళా ఈడికి రావాల."

"రాప్పా. అల్లుడు వచ్చేదానికి ఒక సాకు ఉండాల గదా."

"అది గాదు. యాడన్నా పోతే?"

"దేవుడి గూట్లోంచి యాడికి పోతాది? నీ ఇంట్లో అయితే సిమెంటులో పడతాది."

మా ఆయన నవ్వారు. వరదరాజులన్న నవ్వలేదు. ఏజెంటు చెప్పిన మాట చెప్పాడు. పాస్‌పోర్టులో అకామా అని ఒక కాగితం అంటించి ఉంటుంది. అక్కడ ఉండటానికి అనుమతి అది. దానికి ఇంకో ఏడాది గడువుంది. కానీ మనిషి ఆర్నెల్లకు మించి బయట ఉంటే ఆ గడువు చెల్లదు.

"ఒక దినం దాటినా లోపలికి రానియ్యరంట. అకామా సచ్చిపోతాదంట," అన్నాడు.

అత్త వేళ్ళు మడిచింది. "ఉగాదికి వచ్చె. ఉగాదికీ దసరాకీ ఆర్నెల్లు. దసరా లోపల పంపిస్తే సరి."

"అంతే," అన్నాడు అల్లుడు. "అంతే," అన్నారు మా ఆయన. నేనూ తల ఊపాను. ఏ సంవత్సరమైనా చైత్రానికీ ఆశ్వయుజానికీ మధ్య ఆర్నెల్లే కదా. వదిన మాత్రం తల ఊపలేదు. గోరు చివర గిల్లుకుంటూ కూర్చుంది.

ఏప్రిల్ అంతా నేను ఆమెను కనిపెడుతూనే ఉన్నాను. చెడుబుద్ధితో కాదు. ఇంట్లో బియ్యం డబ్బా మూత కొంచెం పక్కకు ఉన్నా నాకు కనిపిస్తుంది, మనిషి కనిపించదా. అందరూ తిన్నాకే తినేది. కూర్చుని తినమంటే కూర్చునేది గానీ, వీధి గుమ్మం దగ్గర అలికిడైతే ముద్ద నోట్లో ఉండగానే లేచి నిలబడేది. పెట్టె తాళంచెవి ఎప్పుడూ జాకెట్టులోనే. అవన్నీ సరే అనుకున్నాను. కొళాయి దగ్గర జరిగింది మాత్రం సరే అనుకోలేకపోయాను.

బిందెల వరసలో ఉన్నాం. వెనకనుంచి ఎవరో "లక్ష్మీ" అని కేకేశారు. మా వీధిలో లక్ష్ములు ముగ్గురున్నారు. వాళ్ళకంటే ముందు మా వదిన చటుక్కున తిరిగి, "ఆ, వస్తాండా," అంది. అని, నన్ను చూసి, బిందె సర్దుకుంది.

ఆ సాయంత్రం అత్త వాకిట్లోంచి "నవనీతా" అని పిలిచింది. పలకలేదు. రెండోసారి పిలిచింది. మూడోసారి నేను లోపలికి వెళ్ళి భుజం తట్టాల్సి వచ్చింది. ఆమె పప్పు ఏరుకుంటూ అక్కడే ఉంది. చెవుడు లేదు.

మనిషికి ఇంకో పేరు ఎందుకు వస్తుంది? నాకు తెలిసినంతలో రెండే కారణాలు. మతం మారి ఉండాలి, లేదా అక్కడ ఇంకొకరిని కట్టుకుని ఉండాలి. పేరు చూస్తే మతం మారినట్టు లేదు. ఇక మిగిలింది రెండోది. ఆ ఆలోచనకు నేనే సిగ్గుపడ్డాను. అయినా వదల్లేదు.

మేలో ఆమె నెలకు రెండుసార్లు "పుంగనూరు పోయొస్తా" అని తెల్లవారి మొదటి బస్సుకు పోయి, దీపాలు పెట్టే వేళకు రావడం మొదలుపెట్టింది. పుంగనూరు మాకు గంట దూరం కూడా లేదు. ఒకరోజు వస్తూ నిప్పట్లు తెచ్చింది. పొట్లం విప్పి డబ్బాలో పోస్తూ చూశాను. చుట్టిన కాగితం తమిళ పేపరు. పుంగనూరులో ఏ అంగట్లోనూ తమిళ పేపరులో పొట్లం కట్టరు. అలా కట్టేది కుప్పంలో. కుప్పం అంటే పుంగనూరు దాటి, పలమనేరు దాటి, వి.కోట, శాంతిపురం కూడా దాటి పోవాలి.

కాగితాన్ని మడిచి నా బీకాం సర్టిఫికెట్ల ఫైలులో పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో ఆ రోజు నన్నడిగితే చెప్పలేకపోయేదాన్ని.

మే మూడోవారంలో మేము ఆవకాయ పెడతాం. జాడీలకు కాగితం ముక్క అంటించి తేదీ రాయడం నా అలవాటు. ఇంగ్లీషు తేదీ రాస్తాను, కింద మన నెల కూడా రాస్తాను. ఆ రోజు పక్కింటి మునెమ్మ వచ్చి గడపలో కూర్చుంది. వాళ్ళ మనవడి పేరుపెట్టే పండగ ఇంకో నెలకు వాయిదా పడిందట.

"ఇది అధికం గదమ్మా," అంది మా అత్త, ఆవపిండి కలుపుతూ. "ఈ నెల్లో ఏ శుభమూ సెయ్యరాదు. లెక్కలోకి రాని నెల ఇది."

అధిక మాసం వచ్చిందని అందరికీ తెలుసు. మూడేళ్ళకోసారి వచ్చేదే. ఆ సంవత్సరం జ్యేష్ఠం రెండుసార్లు. నేను కాగితం మీద 'మే 20, అధిక జ్యేష్ఠం' అని రాసి, జిగురు రాసి జాడీకి అంటించాను. అంటించి, నెలలు వేళ్ళ మీద ఎంచాను.

చైత్రం, వైశాఖం, జ్యేష్ఠం, మళ్ళీ జ్యేష్ఠం, ఆషాఢం, శ్రావణం, భాద్రపదం. ఏడు. ఈ సంవత్సరం ఉగాదికీ దసరాకీ మధ్య ఉన్నవి ఆర్నెల్లు కావు, ఏడు. కువైటు వాళ్ళు పంచాంగం చూడరు. మార్చి పంతొమ్మిదికి ఆర్నెల్లు అంటే సెప్టెంబరు పంతొమ్మిది. అంతే.

తలెత్తి అత్త వైపు చూశాను. ఆమె వేళ్ళకు అంటిన నూనె కొంగుకు తుడుచుకుంటూ మునెమ్మతో మాట్లాడుతోంది. అత్తకు ఇంగ్లీషు రాదు. తెలుగు మాత్రం కూడబలుక్కుని పంచాంగమంతా చదువుతుంది.

రాత్రి భోజనాల దగ్గర మా ఆయనకు చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. ముందు కుప్పం సంగతి తేలనీ, ఆ తర్వాత చెబుదాం అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆమె దగ్గర ఒక రహస్యం ఉంది, నా దగ్గర ఒకటి ఉండనీ అనుకున్నాను.

జూన్ మొదట్లో ఆమె మళ్ళీ "పుంగనూరు" అని వెళ్ళిన రోజే, పది గంటలకు వరదరాజులన్న మా గుమ్మంలో నిలబడ్డాడు. సిమెంటు కోసం వచ్చాడట.

"యాడ మీ వదిన?"

అత్త ఊరగాయ మూతకు గుడ్డ కడుతోంది. తలెత్తలేదు. నేనే చెప్పాలి.

"బోయకొండకు పోయింది అన్నా. మొక్కు ఉందంట." బోయకొండ గంగమ్మ గుడి పుంగనూరు మీదుగానే. దారి కలిసింది కదా అని ఆ అబద్ధమే వచ్చింది నోటికి.

"మొక్కా? నాకు సెప్పకుండానా?"

"మొక్కు చెప్పి చేస్తే ఏం బాగుంటుందన్నా."

ఆయన నా మొహం వంక కాసేపు చూశాడు. "సదువుకున్నోళ్ళు మాటలు బాగా సెప్తారు చెల్లెమ్మా," అని అన్నం తినడానికి కూర్చున్నాడు. ఆవకాయ రెండుసార్లు వేయించుకున్నాడు. అప్పుడు గమనించాను, అలమరలో జాడీ కాగితం ఉన్న వైపు గోడకు తిరిగి ఉంది. వదిన పెట్టేటప్పుడు చూసుకోలేదనుకుని, పెట్టిన చోట పెట్టినట్టు ముందుకు తిప్పాను.

ఆమె వచ్చాక, "వదినా, ఈసారి కుప్పానికి నేనూ వస్తా," అన్నాను.

ఆమె చెప్పు విడుస్తూ ఆగింది. భయపడుతుందనుకున్నాను. "తెల్లారి బస్సు. లేస్తావా?" అంది, అంతే.

కుప్పం రైల్వేస్టేషను ఎదుటి సందులో ఒక మెస్సు ఉంది. నాలుగు బెంచీలు, ముందు పాత చీర పరదా. గ్రానైటు క్వారీల నుంచి వచ్చేవాళ్ళు, బెంగుళూరు రైలు ఎక్కేవాళ్ళు అక్కడ తింటారు. పొయ్యి దగ్గర ఉన్న లావుపాటి మనిషి మమ్మల్ని చూసి గరిటె ఎత్తింది.

"రామ్మే లచ్చిమీ. ఈమె ఎవురు?"

"నా తమ్ముడి పెండ్లాం. అంబిక."

"ఓహో. పోలీసా?"

నా మొహం కాలింది. వదిన నవ్వింది. వచ్చిన మూడు నెలల్లో ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదలు.

ఆ మనిషి పేరు మునిలక్ష్మి. శాంతిపురం ఆమె. కువైటులో మా వదిన పనిచేసే ఇంట్లో ఆమెకంటే ముందు వంట చేసింది ఈమేనట.

"ఆ ఇంట్లో ఒక ముసలామె ఉండాది సూడు, పెద్దామె, మంచిదే. కొట్టదు తిట్టదు. కానీ కొత్త పేరు ఆమె నోటికి రాదు," అంది మునిలక్ష్మి, మాకు చెరో గ్లాసు మజ్జిగ పెట్టి. "నేను ఏడేండ్లు ఉంటి. లచ్చిమీ, లచ్చిమీ అని పిలిచె. నేను వచ్చేస్తి, ఈమె పోయె. ఈమెనీ లచ్చిమీ అనే పిలిచె. ఈమె మొదుట్లో చెప్పిందంట, నా పేరు నవనీత అని. ఆయమ్మ సరే లచ్చిమీ అనిందంట."

"పెట్టె మింద రాసిందీ అదే," అంది వదిన. "వాళ్ళ డ్రైవరు రాసినాడు. విమానంలో పెట్టె తారుమారు అయితే లచ్చిమి పెట్టె అని తెలియాల గదా అని."

"నా పేరు ఎత్తుకోని పోయి నాకు తిరిగిస్తావా లేదా ఏమ్మే," అంది మునిలక్ష్మి.

"ఇచ్చేసేదానికే గదా వస్తాండాను."

ఇద్దరూ మళ్ళీ నవ్వుకున్నారు. నేను మజ్జిగ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. నేను ఊహించుకున్న ఆ ఇంకో మొగుడు, ఇన్నాళ్ళూ నా తలలో తిరిగినవాడు, ఎక్కడా లేడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆమే మాట్లాడింది. "మునిలక్ష్మి ఒక్కతే చెయ్యలేకపోతాండాది. ఇద్దరం అయితే రెండు పూటలా నడపొచ్చు. అక్కడ నేను ఉంటా, అంబికా. నేను మళ్ళా పోను."

"ఆ మాట ఇంట్లో చెప్పొచ్చు కదా వదినా."

"ఎవురికి చెప్పేది? మీ అన్నకా? మేడ సగంలో ఉండాది. శంకరుకా? అంగడి ముందర గాజు అద్దాలు పెట్టించుకున్నాడు. ఇంకో ఏడు, ఇంకో ఏడు అంటారు. వాళ్ళు చెడ్డోళ్ళు గాదు. అడుగుతారు, అంతే. నేను కాదనలేను." కిటికీలోంచి చూస్తూ మెల్లగా అంది. "నువ్వు కాదంటావా?"

మా వంటింట్లో ఫ్రిజ్జు ఆమె పంపిందే.

కొంతసేపటికి ఆమె, "మునిలక్ష్మి కూడా కావాలని ఆగిపోలేదు. కాలు విరిగి మంచం పట్టింది. ఆర్నెల్లు దాటిపోయె. ఇంక ఎవురూ పొమ్మనలేదు," అంది. చెప్పి, నా వైపు ఒకసారి చూసింది. "నువ్వు సదువుకున్నదానివి," అంది.

"అయితే?"

"ఏం లేదులే."

ఈమెకు తెలుసు అనుకున్నాను. మరుక్షణం, తెలియదేమో అనుకున్నాను. నాకు తెలుసని ఈమెకు తెలుసా? పలమనేరు దాటేదాకా ఇదే తిప్పుకుంటూ ఉన్నాను. ఇంటికి వచ్చాక ఫైలులోంచి తమిళ పేపరు ముక్క తీసి పొయ్యిలో వేశాను.

జూలైలో మా ఆయన ప్రయాణం మాట ఎత్తారు. శ్రావణంలో పంపిద్దామన్నారు. అత్త ఒప్పుకోలేదు.

"శ్రావణంలో ఆడపిల్లని ఇంట్లోంచి పంపిస్తారా రా? వరలక్ష్మీ వ్రతానికి ఆరేండ్లుగా పసుపు తీసుకోలేదు నా బిడ్డ. వినాయక చవితి కూడా సేసుకోని పోతాది."

"తర్వాత మాలపక్షాలు వస్తాయి గదమ్మా, అప్పుడు ప్రయాణం కూడదు."

"దానికి ముందరే. త్రయోదశి గురువారం ఉండాది. బ్రమ్మాండమైన దినం."

పంచాంగం తెచ్చి వేలు పెట్టి చూపించింది. సెప్టెంబరు ఇరవై మూడు. ఆయన అంగడినుంచే ఏజెంటుకు ఫోను చేసి ఆ రోజుకు సీటు చెప్పారు. దసరాకు ఇంకా మూడు వారాలు ఉండగానే పంపిస్తున్నామని ఆయనకు తృప్తి. అత్త పంచాంగం మూసి గూట్లో పెట్టింది. నేను ఆమె మొహం చూశాను. నమ్మకం, పట్టుదల, వయసు తప్ప ఏమీ కనిపించలేదు. పాపం, ముసలామె తెలియక బిడ్డకు మేలు చేస్తోంది అనుకున్నాను.

ఆగస్టు పదకొండున సూర్యగ్రహణం. సాయంత్రం పూట. మధ్యాహ్నం వచ్చిన వరదరాజులన్న గ్రహణం విడిచేదాకా కదలడానికి వీల్లేక మా ఇంట్లోనే ఇరుక్కుపోయాడు. తలుపులు, కిటికీలు మూసేశాం. అత్త నీళ్ళ బిందెలో, పెరుగు గిన్నెలో, ఊరగాయ జాడీ మీద దర్భ పోచలు వేసింది. ఒక పోచ తీసుకుపోయి పాస్‌పోర్టు డబ్బాలో కూడా వేసింది.

"దానికేం దోషం తగులుతాది అత్తా?" అన్నాడు ఆయన.

"దూరం పోయే వస్తువు గదప్పా."

డబ్బా మూత తెరుచుకోగానే ఆయనకు గుర్తొచ్చింది. "ఒకసారి ఇటియ్యి. ఇంతవరకూ నేను కండ్లతో సూడలా." పేజీలు తిప్పాడు. ఆయనకు అంగడి తెలుగు, కొంచెం కన్నడం వచ్చు. నాకు అందించాడు. "నువ్వు సదువు చెల్లెమ్మా. ఈ అకామా నిజంగా ఉండాదా? యాడన్నా కాన్సిల్ సేసుకోని వచ్చిందా?"

వదిన గోడకు ఆనుకుని కూర్చుంది. మా ఆయన లైటు వేశారు. ఇంట్లో అందరూ నా చేతుల వంకే చూస్తున్నారు.

"ఉందన్నా. వచ్చే సంవత్సరం మే దాకా రాసుంది."

"కాన్సిల్ అని ఏమీ లేదా?"

"లేదు."

"మళ్ళా ఏ తేదీ లోపల రావాలని రాసుండారా?"

పేజీ తిప్పాను. నిజంగానే లేదు. "అట్లా ఏమీ రాయలేదు."

"ఈడ దిగింది ఏ దినం అని ఉండాది?"

మద్రాసు ముద్ర స్పష్టంగా ఉంది. పంతొమ్మిది, మార్చి, తొంభైతొమ్మిది. ఊదా రంగు సిరా. లెక్కల్లో నేను ఎప్పుడూ తప్పలేదు. కాలేజీలో తప్పలేదు, ఇంట్లో తప్పలేదు. చాకలి పద్దు దగ్గర కూడా అంకె చదివితే అంకెగానే చదువుతాను.

"ఉగాది మరునాడు," అన్నాను.

"ఆ, ఉగాది మరునాడు," అంది అత్త వెంటనే, వేలు మడుస్తూ. "చైత్రం, వైశాఖం, జ్యేష్ఠం, ఆషాఢం, శ్రావణం, భాద్రపదం. ఇంకా పదైదు దినాలకు పైన మిగిలుండంగానే పంపిస్తాండాము."

ఆమె జ్యేష్ఠం ఒక్కసారే అంది. వరదరాజులన్న కూడా వేళ్ళు మడిచి, ఆరో వేలు దగ్గర ఆగి, తృప్తిగా పాస్‌పోర్టు డబ్బాలో పెట్టాడు. దర్భ పోచ కింద పడింది. వదిన దాన్ని తీసి మళ్ళీ డబ్బాలో వేసింది.

గ్రహణం విడిచాక తలస్నానాలు చేసి వంట మొదలుపెట్టాం. జాడీ మళ్ళీ గోడవైపు తిరిగి ఉంది. మళ్ళీ ముందుకు తిప్పాను. ఇంట్లో ఎవరు ఇంత అజాగ్రత్తగా ఉన్నారో అని విసుక్కున్నాను కూడా.

వినాయక చవితి అయింది. ఆ తర్వాతి ఆదివారం సెప్టెంబరు పంతొమ్మిది. నేను పొద్దుటినుంచీ ఎదురుచూస్తున్నాను, దేనికో తెలియకుండా. ఏమీ జరగలేదు. ఎన్నికల జీపులు మైకులతో తిరిగాయి. మా ఆయన పాత పెట్టె మీద అరబ్బీ అక్షరాలు కిరసనాయిలుతో తుడిచి, 'నవనీత, పుంగనూరు' అని కొత్తగా రాసి ఎండలో పెట్టారు. సాయంత్రం నీళ్ళు వచ్చాయి. కొళాయి దగ్గర ఎవరో "లక్ష్మీ, ఓ లక్ష్మీ" అని అరిచారు. మా వదిన బిందె కిందికి వంగి నీళ్ళు పడుతూనే ఉంది. తిరగలేదు.

బుధవారం వదిన, వరదరాజులన్న, మా ఆయన, ముగ్గురూ మద్రాసుకు పోయారు. శుక్రవారం మధ్యాహ్నం ముగ్గురూ వచ్చారు. పెట్టె కూడా వచ్చింది. విమానాశ్రయంలో కౌంటరు దగ్గర ఉన్న అమ్మాయి ముద్ర చూసి, వేళ్ళు కూడా మడవకుండా చెప్పిందట, నాలుగు రోజులు దాటిందని.

వరదరాజులన్న చొక్కా తడిసి వీపుకు అంటుకుని ఉంది. కూర్చోలేదు.

"ఇది ఎవురో తెలిసి సేసిన పని," అన్నాడు. భార్యను చూశాడు. మా ఆయనను చూశాడు. చివరికి నన్ను. "చెల్లెమ్మా. ఆ దినం నువ్వే గదా సదివింది. తేదీ ఎందుకు సెప్పలా?"

"ఉగాది మరునాడు అని చెప్పాను కదన్నా. తప్పా అది?"

"తప్పు గాదు. అదే నేను సెప్పేది. తప్పు గాదు."

అంతలో అత్త పీట మీదనుంచి లేచి వచ్చి ఆయన ముందు నిలబడింది.

"ఆ పిల్లని యాల అడుగుతావప్పా? లెక్క ఏసింది నేను, దినం పెట్టింది నేను. అధికం లెక్కలోకి రాదు గదా అనుకుంటి. మన శాస్త్రంలో రాదు. వాళ్ళ శాస్త్రంలో వస్తాదని ఈ ముసలిదానికి ఏం తెలుసు? నన్ను అడుగు. కావాలంటే రెండు దెబ్బలెయ్యి."

అత్తను ఏమనగలడు? చెప్పులు వేసుకుని బయటికి పోయాడు. ఏజెంటు ద్వారా కువైటుకు ఫోను చేయించాడు, కొత్త వీసా పంపిస్తారేమోనని. వారం తర్వాత జవాబు వచ్చింది. వాళ్ళకు ఇంకొక మనిషి దొరికిందట. ఆమెను కూడా లచ్చిమి అనే పిలుస్తున్నారేమో, ఏజెంటు చెప్పలేదు.

పుంగనూరు మేడ సగంలో నిలిచింది. ఇప్పటికీ పైన ఇనప కమ్మీలు అలాగే ఆకాశంలోకి చూస్తూ ఉన్నాయి. మా ఆయన నన్ను ఏమీ అడగలేదు. కానీ ఆనాటినుంచి ఏ కాగితం నాచేత చదివించుకున్నా, నేను చదవడం ముగించాక కాసేపు ఆగి, "ఇంకేమన్నా ఉండాదా?" అంటారు. కరెంటు బిల్లుకైనా సరే. ఉన్నది ఉన్నట్టు ముందే చదివేసి ఉంటాను. అయినా ఆ ప్రశ్న వస్తుంది.

కార్తీకంలో వదిన కుప్పం వెళ్ళింది. వరదరాజులన్న అడ్డు చెప్పలేదు, సాగనంపడానికీ రాలేదు. మా ఆయన పెట్టె మీద 'పుంగనూరు' కొట్టేసి 'కుప్పం' అని రాశారు.

ఆ పొద్దున అత్త అలమరలోంచి ఆవకాయ జాడీ దించింది. "దీన్ని మెస్సుకు కట్టియ్యమ్మాయ్. మునిలక్ష్మి పెట్టే ఊరగాయ తిన్లేరంట." జాడీ మళ్ళీ గోడవైపు తిరిగి ఉంది. ఆమె దాన్ని తనే ముందుకు తిప్పి, కొంగుతో నా కాగితం మీద నూనె మరక తుడిచింది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది.

"అ-ధి-క జ్యే-ష్ఠం. నువ్వు రాసిన దినమే సదివినా."

నేను గుడ్డ మడతపెడుతున్నాను.

"మీరా అత్తా, గోడకు తిప్పింది?"

"అల్లుడు అన్నం తినే తావుకు ఎదురుగా పెట్నావు. తిప్పక?" అంది. "నేను తిప్పేది, నువ్వు ముందుకు పెట్టేది. నేను తిప్పేది, నువ్వు పెట్టేది. ఆర్నెల్లూ నీ మింద నాకు అనుమానమే."

జాడీ మూతికి గుడ్డ కట్టి, దారం రెండు చుట్లు చుట్టాను. ముడి వేయడానికి ఆమె తన వేలు అడ్డం పెట్టింది.